చివరి ఫారంలో నాలుగు పేజీలు

పుస్తకాల పనిలోకి కొత్తగా వచ్చే మీకు ఫారం అంటే ఏమిటో కంప్యూటర్ చెబుతుంది. మాకు చేతులు చెప్పేవి. పెద్ద కాగితానికి రెండు వైపులా అచ్చువేసి మడిస్తే పదహారు పేజీలు. అదొక ఫారం. పుస్తకం పదహారు చొప్పునే పెరుగుతుంది. మీ దగ్గరున్న విషయం నూట యాభై ఆరు పేజీలైతే, పది ఫారాల్లో నాలుగు పేజీలు తెల్లగా మిగిలిపోతాయి. అలా మిగిలిన నాలుగు పేజీలను నేనొకసారి నింపాను. దానివల్ల ఒక ఊరు అబద్ధాలకోరుగా నిలబడాల్సి వచ్చింది.

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. అనంతపురంలో ఒక చిన్న ప్రచురణ ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఎవరైనా చేతిరాత ప్రతి తెస్తే అందులో అక్కడక్కడా పది పేజీలు తీసి, అక్షరాలు లెక్కబెట్టి, అచ్చులో ఎన్ని పేజీలొస్తుందో చెప్పడం నా పని. ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. తప్పులు చేసి నేనే పట్టుకున్నాను. తర్వాత తర్వాత రెండు పేజీలకు మించి తేడా వచ్చేది కాదు. ఆ గర్వం ఉండేది. రచయిత ఎదురుగా కూర్చుని కన్నీళ్ళతో తన కథ చెబుతున్నా నా కళ్ళు పంక్తికి ఎన్ని అక్షరాలున్నాయో చూస్తుండేవి.

ఆఫీసులో మేం ముగ్గురం. యజమాని పుస్తకాల పిచ్చి ఉన్న మనిషి, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే ఆమె ముస్లిం, నాకంటే రెండేళ్ళు పెద్ద. అందరం ఆపా అనేవాళ్ళం, అక్కా అని. మూడోవాణ్ణి నేను.

తొంభైలు అయిపోవస్తున్న రోజులు. బెళుగుప్ప దాటాక వచ్చే ఒక ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై అయిదు దాటిన మెట్టరైతు. సంచిలోంచి పొడుగు నోటుపుస్తకాలు తీసి బల్ల మీద పేర్చాడు. ముప్పై ఆరేళ్ళవి.

"ఏం రాసినావు పెద్దాయనా, కథలా?" అన్నాడు యజమాని.

"కథలెందుకప్పా? వాన రాసినా. పడింది పడినట్ల రాసినా."

"వానను ఎట్ల కొలుస్తావు?"

"పడిన మర్నాడు పొద్దున్నే చేన్లో గడ్డపారతో గుంత తీస్తా. పదును యాడిదాకా దిగిందో చెయ్యి పెట్టి చూస్తా. బెత్తెడో, జానెడో, మూరెడో. రాస్తా. అంతే."

అంతే కాదు. ప్రతి వాన పక్కనా ఆ కార్తెలో ఏం విత్తాడో, ఏది మొలిచిందో, ఎవరు ఎద్దులను అమ్ముకున్నారో, ఎవరు బెంగళూరు బస్సెక్కారో రెండు మూడు వాక్యాలు ఉన్నాయి. యజమాని ఆ సాయంత్రమంతా చదువుతూనే ఉన్నాడు. "ఇది అచ్చు కాకుంటే మనం ఈ పని చేసి ఏం లాభమప్పా" అన్నాడు.

అన్ని వానలూ వేయలేం కాబట్టి ముఖ్యమైనవి ఎంచి, ఆయన మాటలు ఆయనవిగానే ఉంచి, ఆపా కూర్చింది. ప్రూఫులు ఆయనే వచ్చి చదివాడు. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాడు. సంతకం పెట్టమని మేం అడగలేదు. "నా మాటకు నా గుర్తు ఉండల్ల గదా" అన్నాడు. నూట యాభై ఆరు పేజీలు.

నాలుగు మిగిలాయి.

"మన పుస్తకాల జాబితా వేసేద్దాం లే" అన్నాడు యజమాని. నాకు నచ్చలేదు. ముప్పై ఆరేళ్ళ కొలతలు చేతిలో పెట్టుకుని జాబితా వేయడమేమిటి? మూరకు ఆరు బెత్తెలు, జానకు మూడు, బెత్తెకు నాలుగు వేళ్ళు. నోటుపుస్తకాల్లోని వానలన్నీ బెత్తెల్లోకి మార్చి, ఏడాదివారీగా కూడి, పట్టిక తయారుచేశాను. ఎనిమిది రోజులు పట్టింది. ప్రతి ఏడూ రెండుసార్లు కూడాను. పేజీకి తొమ్మిదేళ్ళు, నాలుగు పేజీలకు ముప్పై ఆరు. అంత ముచ్చటగా సరిపోయింది.

కూడుతున్నప్పుడు ఒకటి కనిపించింది. పందొమ్మిదేళ్ళ వరకూ అంకెలు పెద్దవి. తర్వాత పదిహేడేళ్ళూ దాదాపు సగం. నేను లేచి నిలబడ్డాను. "అన్నా, మన సీమలో వాన సగమైపోయింది. ఇదిగో చూడు, ఇక్కడినుంచి" అన్నాను. యజమాని చూశాడు. "అందరూ అంటాండేదే గదప్పా, ముందట్ల వానలు యాడున్నాయని. నువ్వు లెక్కతో చూపించినావు" అన్నాడు. అందరూ అనే మాటకు నా అంకెలు తోడొచ్చాయి. అందుకే నాకు అనుమానం రాలేదు.

ఆపాకు వచ్చింది. అంకెల మీద కాదు.

"అప్పా, ఇది పెద్దాయనకు ఒగసారి చూపిద్దామా? ఆయన సంతకం పెట్టిన ప్రూఫులో ఇది లేదు గదా."

"అంకెలన్నీ ఆయనవే గదా ఆపా. నేను కూడినా, అంతే."

"కూడింది నువ్వే గదా మల్ల" అంది ఆమె. అని, కూర్చింది.

ఆయన ఊరికి ఫోను లేదు. బస్సులో పోతే ఒక పూట. నేను పోలేదు. ఫారం మిషన్ ఎక్కింది.

ఆ ఏడు పునర్వసులో విత్తిన వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చెట్లు చేలల్లోనే ఎండాయి. ఊళ్ళన్నీ పంట నష్టం జాబితాలో పేరు కోసం అర్జీలు పెట్టుకుంటున్నాయి. పెద్దాయన ఊరివాళ్ళూ పెట్టారు. పుస్తకం ఆవిష్కరణ అదే ఊళ్ళో జరగాలని, ఎమ్మార్వోను పిలవాలని ఊరి పెద్దలే అడిగారు. ఆయన ఒకసారి వచ్చి చేలు కళ్ళతో చూస్తాడని వాళ్ళ ఆశ. యజమాని ఒప్పుకుని, ఆహ్వానంతో పాటు ఒక పుస్తకం వారం ముందే ఆయనకు పంపాడు.

సభ మధ్యాహ్నం మూడు గంటలకు. మూడు వందల పుస్తకాలు జీపులో వేసుకుని మేం ముగ్గురం పన్నెండుకల్లా చేరుకున్నాం. మూడు రోజుల కిందటే చిత్తకార్తె వాన పడిందట. ఎండిన పంట మీద పడిన వాన. దారి పొడవునా గుంతల్లో నీళ్ళు ఉన్నాయి, చేలల్లో ఎండి గోధుమరంగుకు తిరిగిన వేరుశనగ కట్టె ఉంది. పెద్దాయన మాకు జొన్నరొట్టె పెట్టి, పుస్తకం చేతికిస్తే అట్ట మాత్రం తడిమి కండువాలో చుట్టి పెట్టుకున్నాడు. సభలోనే విప్పుతానన్నాడు. తర్వాత నన్ను చేనికి తీసుకెళ్ళాడు.

"నువ్వు నా వానంతా కూడినావంట గదా, ఆయమ్మ చెప్పింది. రా, యాడ కొలుస్తానో చూపిస్తా."

నల్లరేగడి చేను. చెప్పుకు బంక పట్టింది. చేను మధ్యలో చిన్న కర్ర గుర్తు.

"ఇది నల్లది. దీంట్లో జానెడు దిగిందంటే శానా వాన పడినట్ల. ఇది తాగుతాది, కిందికి విడవదు."

"ఎర్రనేల అయితే?" అన్నాను. ఊరికే అడిగాను.

"ఎర్రదాంట్లో యాడాగుతాది? అదే వాన మూరెడు పోతాది. ముందు ఆడనే కొలుస్తాంటి గదా. భాగాలు పడినాక ఎర్రచేను తమ్మునికి పోయ, ఇది నాకొచ్చ."

"భాగాలు పడి ఎన్నేళ్ళయింది?"

జవాబు నాకు తెలుసు. ఆయన వేళ్ళు మడిచి, "పదిహేడు" అన్నాడు.

భాగాల సంగతి పుస్తకంలో ఉంది. ఒకే ఒక్క వాక్యం. మూడుసార్లు చదివాను. దానిలో ఎన్ని అక్షరాలున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

సీమలో వాన సగం కాలేదు. కొలిచిన నేల మారింది. నేను రెండు నేలల కొలతలు ఒకే వరుసలో పేర్చి కూడేశాను. కూడిక తప్పు కాదు. కూడకూడనివి కూడాను. ఆయనకు ఏదో చెప్పి బడి దగ్గరికి దాదాపు పరుగెత్తాను. బడి ముందు షామియానా కడుతున్నారు. పుస్తకాల కట్టలున్న గదిలో యజమాని, ఆపా ఉన్నారు. తలుపు మూసి చెప్పాను.

యజమాని పట్టిక తెరిచాడు. ఆ ఊళ్ళో గంజి కేంద్రం పెట్టిన కరువు ఏడు ఒకటుంది. భాగాలకు ముందు. నా పట్టికలో ఆ ఏటికి తొంభై నాలుగు బెత్తెలు. భాగాలయ్యాక, ఇళ్ళల్లో కాయలు పోసుకోను చోటు లేదని ఇప్పటికీ చెప్పుకునే ఏడు ఒకటుంది. దానికి అరవై ఒకటి.

"ఎన్ని పుస్తకాలు?" అన్నాడు.

"మూడు వందలు."

"ఈ రెండు ఆకులూ కోసేస్తే?"

"ఒక్కోదానికి నిమిషం. ముగ్గురం కూర్చుంటే నూరు నిమిషాలు. సభకు డెబ్బై ఉన్నాయి."

"కోయి. పోయినకాడికి పోతాయి."

"ఎమ్మార్వో దగ్గర ఒకటుంది అన్నా."

"ఆయన చదువుతాడా ఏమి? అట్ట చూసి, వెనక నాలుగు ముక్కలు చూసి మాట్లాడతారప్పా, ఎవురైనా."

బ్లేడు పెట్టి మొదటి పుస్తకం కోశాను. ఆపా దాన్ని అందుకుని వేలితో తడిమింది. "కుట్టు దగ్గర మొద్దు తగులుతాంది. ఏమో కోసినారని చిన్నపిల్లోడు గుడకా చెప్తాడు. పెద్దాయనకు చెప్పప్పా. అప్పుడు చూపియ్యకపోతివి, ఇప్పుడన్నా చెప్పు."

పదకొండో పుస్తకం కోస్తుండగా తలుపు తీసుకుని పెద్దాయనే వచ్చాడు. తెల్లపంచె, కొత్త చొక్కా, మెడలో అప్పుడే ఎవరో వేసిన కనకాంబరాల దండ.

"ఏం చేస్తాండారప్పా? నా పుస్తకాన్ని కోస్తాండారా?"

యజమాని నోరు తెరిచేలోగా నేను చెప్పేశాను. నాలుగు పేజీలు మిగిలాయని, నేను నింపానని, అడగలేదని, తప్పని. ఆయన అద్దాలు పెట్టుకుని పట్టిక మీద వేలు నడిపాడు. గంజి ఏడు దగ్గర వేలు ఆగింది.

"ఆ ఏడు ఆఫీసర్లు వచ్చి, మీ ఊళ్ళో వాన పడినట్ల మాకు కాగితాలుండాయి అన్నారు. నా నోటుపుస్తకం తీసి వాళ్ళ ముందర పెట్టింది నేను. ఊరంతా నా వెనక నిలబడినారు. నమ్మి గంజి పోసినారు. ఇప్పుడు నా పుస్తకమే నేను అబద్ధాలోణ్ణంటాంది." దండ తీసి బల్ల మీద పెట్టాడు. "నన్నంటే అననీ. ఊరినంటాంది. ఈరోజు మల్లా అర్జీ పెట్టుకుని ఎదురుచూస్తాండే ఊరిని."

"కోసేస్తాం పెద్దాయనా. ఎవురికీ తెలీదు" అన్నాడు యజమాని.

"కోస్తే దొంగతనమయితాది. వొద్దు." నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పల్ల. మైకులో. నేను చెప్తే తప్పించుకుంటాండాడంటారు. చేసినోనివి నువ్వు, నువ్వు చెప్పల్ల."

ఆ రోజు వరకూ నేను ఏ సభలోనూ వేదిక ఎక్కలేదు. అతిథులకు పుస్తకాలు అందించి పక్కకు తప్పుకునేవాణ్ణి. కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకున్నాను. పుస్తకం ఆవిష్కరించాక, అతిథి మాట్లాడకముందే నేను లేచి చెప్పాలని అనుకున్నాం. అదీ జరగలేదు. ఎమ్మార్వోకు ఇంకో ఊరు పోవాల్సిన పని ఉందట. ముందు తానే మాట్లాడి వెళ్తానన్నాడు.

కోస్తా నుంచి వచ్చిన యువకుడు. నెమ్మదైన గొంతు. చేతిలో మేం పంపిన పుస్తకం. దానినిండా పెన్సిల్ గీతలు. అన్నేళ్ళ నా సభల లెక్కలో, పుస్తకం మొత్తం చదివి వచ్చిన అతిథిని చూడటం అదే మొదటిసారి. ఇంకే రోజైనా అయితే దండం పెట్టేవాణ్ణి.

"మీ ఊరి అర్జీ నా దగ్గరుంది. అందుకే ఈ పుస్తకం మరీ జాగ్రత్తగా చదివాను" అన్నాడు. "చాలా నిజాయితీగా రాశారనిపించింది, చివరి పట్టిక దాకా. గంజి కేంద్రం పెట్టిన ఏడాదికి తొంభై నాలుగు బెత్తెలు రాశారు. బాగా పండిందని మీరే రాసిన ఏడాదికి అరవై ఒకటి. నాకు అర్థం కాలేదు. అప్పుడు మీరు ప్రభుత్వానికి చెప్పింది నిజమా? ఇప్పుడు రాసింది నిజమా? రెండూ నిజం కావు కదా. రేపు నేను ఏది నమ్మి సంతకం పెట్టాలి?"

షామియానా కింద వెనకనుంచి ఒక గొంతు లేచింది.

"ఏమప్పా, మేము గంజి తాగింది అబద్ధమా?"

"పుస్తకం రాస్తా పుస్తకం రాస్తా అని ఊరి గొంతు కోసినావు గదయ్యా!"

"అచ్చులో పేరు చూసుకోవల్లని ఇంత పని చేసినాడు!"

పెద్దాయన తల ఎత్తి నన్ను చూశాడు. నేను లేచాను. రాసుకున్న కాగితం జేబులో ఏదో తెలీలేదు, మూడు జేబులూ వెతికాను. చివరికి కాగితం లేకుండానే మైకు ముందు నిలబడ్డాను.

"పట్టిక పెద్దాయనది కాదు సార్. నాది. ఆయన చూడలేదు. నేను చూపించలేదు" అన్నాను. మొదటి పందొమ్మిదేళ్ళూ ఎర్రచేనులో కొలిచాడని, తర్వాత నల్లచేనులో కొలిచాడని, ఒకే వాన రెండు నేలల్లో రెండు లోతులు దిగుతుందని, నాకది తెలియక కలిపి కూడానని చెప్పాను.

"బాగా నేర్పించి తోలుకొచ్చినార్లే!" అని ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

ఎమ్మార్వో నవ్వలేదు. "మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ పుస్తకంలో అచ్చయిన అంకె ఒకటి, సభలో చెప్పిన మాట ఒకటి. నేను రాసుకోవడానికి మాట సరిపోదు."

అప్పుడు నా నోట్లోంచి ఆ ముక్క వచ్చింది. ముందే ఆలోచించిందని చెప్పుకోను. "మూడు రోజుల కిందట వాన పడింది సార్. ఒకే వాన. రెండు చేలలో తవ్వి చూడండి."

మంచి మాట చెప్పాననుకున్నాను. సభ ఇంకా బిగుసుకుపోయింది. ఎర్రచేను ఎవరిదని ఎమ్మార్వో అడిగాడు. ఎవరూ పలకలేదు. అన్నదమ్ములిద్దరికీ పదిహేడేళ్ళుగా మాటల్లేవని, ఒకరి చేనిలో ఒకరు కాలు పెట్టరని నాకేం తెలుసు? మళ్ళీ అడిగాడు. గోడ దగ్గర గొంతుక్కూర్చుని బీడీ తాగుతున్న ఒకాయన లేచాడు. మొహం చూస్తే తమ్ముడని ఎవరైనా చెబుతారు.

"నాదే సార్."

"తవ్వొచ్చా?"

ఆయన బీడీ నేలకు రాసి ఆర్పాడు. దాన్ని చెవి మీద పెట్టుకున్నాడు. "తవ్వుకోండి. గుంత మాత్రం పూడ్చి పోవల్ల. ఎద్దు కాలు పడుతాది."

ఊరంతా కదిలింది. నడిచి పోతే పది నిమిషాలు. ముందు నల్లచేను. గుంత తీశాక ఎవరు కొలవాలన్న మాట వచ్చింది.

"ఆయప్ప చెయ్యి వొద్దు సార్" అన్నాడు తమ్ముడు, అన్నవైపు చూడకుండా. "ఆయప్ప కొలత ఎప్పుడూ ఆయప్ప దిక్కే ఉంటాది."

"నా చెయ్యి వొద్దని నేనే అంటాండా" అన్నాడు పెద్దాయన, తమ్ముడివైపు చూడకుండా. "లెక్క చేసినాయన్ను కొలవమను."

మోకాళ్ళ మీద వంగి గుంతలో చెయ్యి పెట్టాను. పై నుంచి కిందికి తడిమితే ఒకచోట చల్లదనం ఆగిపోయి పొడి తగులుతుంది. అదే పదును అంచు. ముప్పై ఆరేళ్ళ అంచులను ఎనిమిది రోజుల్లో కూడిన నేను, ఒక్కదాన్నయినా ముట్టుకున్నది అప్పుడే. రెండు బెత్తెలు. ఎమ్మార్వో కూడా చెయ్యి పెట్టి చూసుకుని తల ఊపాడు.

ఎర్రచేను గట్టు అవతలే. లోపలికి నాలుగడుగులు వేసి, గడ్డపార పట్టినాయన నాకు తోచిన చోట తవ్వాడు. మట్టి తీశాక చెయ్యి పెట్టాను. బెత్తెడు దిగగానే పొడి మట్టి, దాని కింద రాయి. మళ్ళీ చూశాను. బెత్తెడే.

నా చెమట గుంతలో రాలింది. నల్లదాంట్లో రెండు, ఎర్రదాంట్లో ఒకటి. నా మాటకు సరిగ్గా తలకిందులు. చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. యజమాని మొహం చూడలేకపోయాను. ఎమ్మార్వో గడియారం చూసుకున్నాడు.

"ఆడ గాదప్పా." తమ్ముడి గొంతు. "ఆడ కింద బండ ఉండాది. నీళ్ళు పక్కకు పోతాయి. ఎవురన్నా ఆడ తవ్వుతారా?" విసవిసా ముందుకు నడిచాడు. చేను మధ్యకు పోయి, అటూ ఇటూ చూసి, రెండడుగులు పక్కకు జరిగి, మడమతో నేల మీద గుర్తు పెట్టాడు. "ఈడ. అన్నేండ్లు యాడ తవ్వుతాంటిమో ఆడ తవ్వల్ల."

గడ్డపార దిగింది. మట్టి మెత్తగా విడిపోయింది. నేను బోర్లా పడుకుని భుజం దాకా వంగాల్సి వచ్చింది. ఒక జాన. దాని కింద ఇంకో బెత్తె. ఇంకా చల్లగానే ఉంది. ఇంకో రెండు వేళ్ళు. అక్కడ పొడి.

"నాలుగున్నర బెత్తెలు" అన్నాను. గట్టిగా అన్నాననుకున్నాను కానీ, ఏమన్నావని నలుగురు అడిగారు. మళ్ళీ చెప్పాను.

ఎమ్మార్వో ప్యాంటు మోకాళ్ళకు మట్టి అంటుతున్నా లెక్కచేయకుండా వంగి తానూ కొలిచాడు. లేచి పుస్తకం చివరి పేజీలు తెరిచాడు. "రెండింతలకు కొంచెం ఎక్కువే. అంటే ఆ తొంభై నాలుగు, ఈ నేల లెక్కన నలభై రెండు దగ్గరికి వస్తుంది."

"ఒక్క వానతో అంత కచ్చితంగా చెప్పకూడదు సార్" అన్నాను. బుద్ధి వచ్చిన కొత్త.

"ఈ రోజుకు చాలు" అన్నాడు. పట్టిక మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన 'రెండు చేలలోనూ చూశాను' అని రాసి సంతకం పెట్టాడు. పోతూ పోతూ ఎండిన చెట్లు నాలుగు పీకి, కాయలు ఒలిచి, లోపల ఏమీ లేదని చూసి, జీపులో వేసుకున్నాడు. ఆ నెలాఖరు జాబితాలో ఊరి పేరు వచ్చింది. రెండు గుంతల వల్లే వచ్చిందని నేను చెప్పను. ఆ గుంతలు తీయకపోతే వచ్చేది కాదని మాత్రం ఊళ్ళో ఇప్పటికీ అంటారు.

బడి దగ్గరికి తిరిగి వచ్చాక ఒకాయన తన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. గంజి తాగింది అబద్ధమా అని అరిచినాయన.

"ఆఫీసరు రాసుకున్నాడు సరే. నా పుస్తకంలో ఎవురు రాస్తారు? రేపు నా మనమడు చదివి, మా తాతోళ్ళు అబద్ధాలోళ్ళు అనుకోవల్లనా?"

పట్టిక కొట్టేసి, 'ఈ లెక్క తప్పు. చేసినవాణ్ణి నేను' అని రాసి సంతకం చేశాను. ఆయన వెనక ఇంకొకరు నిలబడ్డారు. ఆయన వెనక ఇంకొకరు. ఆవిష్కరణ సభల్లో రచయిత సంతకానికి వరుస కట్టడం చాలాసార్లు చూశాను. ఆ రోజు రచయిత పక్కన కుర్చీలో ఊరికే కూర్చున్నాడు. వరుసంతా నాకోసం. ఆపా ఒక్కో పుస్తకం చివరి పేజీ తెరిచి నా ముందుకు జరుపుతోంది. "పెద్ద రచయితవైపోతివి గదప్పా" అంది నెమ్మదిగా. ఆ రోజులో మేం నవ్వింది అప్పుడే.

అరవై రెండు పుస్తకాలయ్యాక అందరూ ఇళ్ళకు పోయారు. పొద్దు వాలుతోంది. తమ్ముడు వచ్చాడు. చేతిలో పుస్తకం. తెరవకుండా నా ముందు పెట్టాడు.

"నాకు చదువు రాదు. ఎర్రచేను మాట గుడకా రాస్తావా? మొదుట్లో అదంతా నా చేన్లో కొలిచిందే గదా."

నేను కలం ఎత్తి పెద్దాయనవైపు చూశాను. ఆయన షామియానా కర్రలు పీకుతున్నవాళ్ళను చూస్తున్నాడు. అటే చూస్తూ నాతో అన్నాడు:

"రాయి. అట్లనే, గుంత తీసింది ఆయప్పని గుడకా రాయి. నేను నోటుపుస్తకం పట్టుకుంటాంటి. పందొమ్మిదేండ్లూ గడ్డపార పట్టింది ఆయప్పే. పుస్తకంలో నేనది రాయల్యా."

తమ్ముడు చెవి మీది బీడీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. నేను రాశాను. పెద్దాయన చెయ్యి చాచి పుస్తకం తీసుకుని, అద్దాలు పెట్టుకుని చదివి, నా సంతకం కింద తన సంతకం పెట్టి, పుస్తకం బల్ల మీద తమ్ముడి వైపుకు జరిపాడు.

"ఇప్పటిదాకా రాసినవాటన్నిట్లో ఈ మాట లేదు గదా?" అని నన్నడిగాడు.

"లేదు. అరవై రెండు."

"ఎవరెవరికి పోయినాయో చూపిస్తా, రేప్పొద్దున నాతో రా. అన్నిట్లో రాయల్ల" అన్నాడు.

ఆ రాత్రి ఆయన ఇంట్లోనే పడుకుని, తెల్లవారాక ఇద్దరం మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాం.